తయారీశాల లేకుండా తయారీ పట్టా ఇవ్వకండి: ఉన్నత విద్యామండలికి, విశాఖ విశ్వవిద్యాలయాలకు, ఔషధ పరిశ్రమలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు, సభ్యులకు;
విశాఖపట్నంలోని ప్రభుత్వ, ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు;
పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి ప్రాంతాల ఔషధ పరిశ్రమల యాజమాన్యాలకు.

విషయం: బయోటెక్నాలజీ, బయోమాన్యుఫాక్చరింగ్‌లో (జీవకణాలతో మందుల తయారీలో) ప్రొఫెషనల్ మాస్టర్స్ డిగ్రీని పైలట్ ప్లాంటుతో (శిక్షణకు పనికొచ్చే చిన్న తయారీశాలతో), అందుబాటులో ఉండే ఫీజుతో, పరిశ్రమల భాగస్వామ్యంతో నడపడం గురించి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఈ లేఖలోని విషయాలన్నీ ఇంతకుముందే వినతిపత్రాల రూపంలో మీ కార్యాలయాలకు చేరాయి. అందుకున్నట్లు రసీదులు ఉన్నాయి గాని, జవాబు మాత్రం రాలేదు. ఒకచోట పరిశీలనలో ఉందన్నారు, మరొకచోట అది తమ పరిధిలోనిది కాదన్నారు. ఈలోగా మళ్లీ ప్రవేశాల ప్రకటన వెలువడే సమయం దగ్గరపడుతోంది. అందుచేత మీతోపాటు ఈ కోర్సులో చేరాలనుకుంటున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కూడా చదువుకోవడానికి వీలుగా ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

నేను విశాఖ పరిసరాల్లోని బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే అసలు పదార్థం తయారుచేసే) పరిశ్రమల్లో, ఫెర్మెంటేషన్ (సూక్ష్మజీవులను ట్యాంకుల్లో పెంచి వాటిచేత మందులు చేయించే) విభాగంలో, ఉద్యోగ జీవితమంతా గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పట్టభద్రులకు పని నేర్పడం షిఫ్టు ఇన్‌చార్జిగా నా బాధ్యతల్లో ఒకటిగా ఉండేది. ఇప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం ప్రాంతాల్లోని కొందరు విద్యార్థులు, తల్లిదండ్రుల తరఫున రాస్తున్నాను. ఈ కోర్సు వద్దని మేము అనడం లేదు. ఈ ప్రాంతానికి ఇంతకన్నా అవసరమైన పీజీ కోర్సు మరొకటి లేదని నా అభిప్రాయం. పేరుకు తగిన సరుకు లేకుండా దాన్ని నడపడంపైనే మా అభ్యంతరం.

మామూలు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని పరిశోధన వైపు నడిపిస్తుంది. జన్యువును వేరుచేయడం, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు అనేక ప్రతులు చేసే పద్ధతి) నడపడం, జెల్ మీద పట్టీలు చూడటం, పరిశోధన పత్రాలు చదవడం నేర్పుతుంది. అందులో లోపమేమీ లేదు, ఆ చదువు ఉద్దేశమే అది. ప్రొఫెషనల్ మాస్టర్స్ ఉద్దేశం వేరు. ప్రయోగశాలలోని ఫ్లాస్కులో ఒక సూక్ష్మజీవి చేసిపెట్టిన పనిని 2,000 లీటర్ల ట్యాంకులో కూడా, ప్రతి బ్యాచ్‌లోనూ, ఒకే నాణ్యతతో చేయించడం ఎలాగో అది నేర్పాలి. చెప్పడానికి ఇది తేలిక. ఫ్లాస్కును ఊపితే అందే ఆక్సిజన్ పెద్ద ట్యాంకులో అందదు. అందించడానికి గాలిని, ఎజిటేటరు (ద్రవాన్ని కలిపే రెక్కల) వేగాన్ని పెంచితే నురుగు లేచి, పైకి పోయే గాలి దారిలోని ఫిల్టరును తడిపేస్తుంది. నురుగు అణచడానికి యాంటీఫోమ్ ఎక్కువ పోస్తే ఆక్సిజన్ కరగడం తగ్గిపోతుంది, రేపు ఆ ద్రవాన్ని వడపోసేవాడికి మెంబ్రేను (వడపోత పొర) మూసుకుపోతుంది. ఒక నిర్ణయం మరో మూడు చోట్ల ఎలా తేలుతుందో నల్లబల్ల మీద బొమ్మ గీసి కొంతవరకే చెప్పగలం, మిగిలినది ట్యాంకు పక్కన రాత్రి షిఫ్టులో నిలబడితేనే తెలుస్తుంది. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌తో కణాలను వేరుచేయడం, క్రొమటోగ్రఫీతో మందును శుద్ధి చేయడం, వైరస్‌ను నిర్వీర్యం చేసే దశ, అల్ట్రాఫిల్ట్రేషన్ (అతిసూక్ష్మ వడపోత), చివరికి 0.22 మైక్రాన్ల ఫిల్టరు దాటించి శుభ్రగదిలో సీసాల్లో నింపడం వరకు ఉన్న పని అంతా ఈ చదువు పరిధిలోనిదే. దానితోపాటు నాణ్యతా ప్రమాణాలు, ఔషధ నియంత్రణ నిబంధనలు, ఉత్పత్తి ఖర్చు, మనుషులతో పని చేయించడం కూడా చదవాలి.

ఈ తరహా చదువు కొత్తది కాదు. అమెరికాలో 1997 నుంచి స్లోన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ప్రోత్సాహంతో ప్రొఫెషనల్ సైన్స్ మాస్టర్స్ కోర్సులు మొదలయ్యాయి. పరిశోధన సిద్ధాంత గ్రంథం స్థానంలో పరిశ్రమలో పని, సైన్సుతోపాటు నిర్వహణ, నిబంధనల బోధన వాటి లక్షణం. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2007లో బయోమాన్యుఫాక్చరింగ్ శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. సిగరెట్ కంపెనీలు రాష్ట్రాలకు చెల్లించిన పరిహారపు సొమ్ములోంచి, పొగాకు మీద బతికిన ప్రాంతాలకు కొత్త బతుకుదెరువు చూపడానికి ఏర్పడిన ఒక నిధి దాన్ని కట్టడానికి సాయపడింది. ఐర్లండ్ ప్రభుత్వం డబ్లిన్‌లో అక్కడి విశ్వవిద్యాలయాల భాగస్వామ్యంతో ఇలాంటి జాతీయ సంస్థనే నెలకొల్పింది, అది 2011లో సొంత భవనంలో పని మొదలుపెట్టింది. ఈ రెండుచోట్లా నిజమైన ప్లాంటును పోలిన శిక్షణ ప్లాంటే చదువుకు కేంద్రం, తరగతి గదులు దాని చుట్టూ ఉన్నాయి. మన దగ్గర వరుస తిరగబడింది. ముందు కోర్సు పేరు, తర్వాత కరపత్రం, ఆ తర్వాత ఫీజు వసూలు, చివరగా, వీలుంటే, యంత్రం.

విశాఖకు ఈ చదువు ఎందుకు కావాలో మీకు తెలియనిది కాదు, అయినా కొన్ని తేదీలు గుర్తు చేయాలి. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, భీమిలి మండలం చిప్పాడ, నక్కపల్లి కలిపి చూస్తే దేశంలోని పెద్ద బల్క్ డ్రగ్ కేంద్రాల్లో ఇది ఒకటి. ఇక్కడి పరిశ్రమలో ఎక్కువ భాగం రసాయన సంశ్లేషణ మీద ఆధారపడినది. అయితే గాలి మళ్లుతోంది. 2020లో కేంద్రం బల్క్ డ్రగ్స్‌కు ప్రకటించిన 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకంలో రసాయన పద్ధతిలో చేసే మందులకు అమ్మకాల మీద 10 శాతం ప్రోత్సాహకం ఉండగా, ఫెర్మెంటేషన్‌తో చేసేవాటికి మొదటి నాలుగేళ్లు 20 శాతం ఇస్తామన్నారు. ఒకప్పుడు పెన్సిలిన్-జి అనే యాంటీబయాటిక్ ముడిసరుకును సొంతంగా తయారుచేసుకున్న దేశం చైనా చౌక సరుకు ముందు నిలవలేక ప్లాంట్లు మూసుకుంది. మళ్లీ ఇప్పుడు మన పొరుగునే, కాకినాడ దగ్గర, పెన్సిలిన్-జి ప్లాంటు నిలబడింది. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం ఆర్థిక వ్యవస్థ, పర్యావరణం, ఉపాధి కోసం బయోటెక్నాలజీ అంటూ బయో-ఈ3 విధానాన్ని ఆమోదించింది. అందులో బయోమాన్యుఫాక్చరింగ్ కేంద్రాల ప్రస్తావన స్పష్టంగా ఉంది. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖ వచ్చి నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ట్యాంకులు రాబోతున్నాయి, వాటి పక్కన నిలబడేవాళ్లు ఎక్కడినుంచి రావాలనేదే మా ప్రశ్న.

ఇక మా ఫిర్యాదు. ఈ ప్రాంతంలోని ఒక విద్యాసంస్థ సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో బయోమాన్యుఫాక్చరింగ్ పేరిట ప్రొఫెషనల్ మాస్టర్స్ ప్రారంభించింది. కరపత్రం మీద అద్దంలా మెరిసే స్టీలు బయోరియాక్టరు (సూక్ష్మజీవులను, కణాలను పెంచే ట్యాంకు) బొమ్మ వేశారు. అది ఆ సంస్థ ఆవరణలో లేదు, ఈ జిల్లాలోనే ఉందో లేదో అనుమానం. ఉన్నది అయిదు లీటర్ల గాజు ఫెర్మెంటరు ఒకటి. తల్లిదండ్రులతోపాటు నేనూ వెళ్లి చూశాను. పీహెచ్ ప్రోబు ఉండాల్సిన రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి టేపు చుట్టారు, మోటారు మీద ప్లాస్టిక్ కవరు కప్పారు, గాజు మీద ఆయుధపూజ నాటి పసుపు, కుంకుమ బొట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ బొట్లు చెరగలేదంటే దసరా తర్వాత దాన్ని ఎవరూ కడగలేదన్నమాట. ఆవిరి లైను లేదు, శుభ్రగది లేదు, క్రొమటోగ్రఫీ పని సిలబస్ కాగితంలోనే ఉంది. పరిశ్రమలో ఒక సెమిస్టరు శిక్షణ అని ప్రకటించినది చివరికి ఒక ఫ్యాక్టరీ సందర్శనగా, గేటు దగ్గర గ్రూపు ఫొటోగా ముగిసింది. విద్యార్థులు అడిగితే కంపెనీలు ఒప్పుకోవడం లేదన్నారు, కంపెనీల్లో నాకు తెలిసినవారిని అడిగితే తమను అడిగినవారే లేరన్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఆ ఒక్క సంస్థతో పోయే జబ్బు కాదు, అనుమతి ఇచ్చే పద్ధతిలోనే ఉంది.

దీని ఫలితం ఎవరి మీద పడుతోందో వరుసగా చెబుతాను.

1. అప్పు చేసి చదివే కుటుంబాల మీద. ఈ కోర్సులో చేరుతున్నవారిలో ఎక్కువమంది డిగ్రీలో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవారు, వారిలో అమ్మాయిలు ఎక్కువ. చోడవరం, నర్సీపట్నం, ఎస్.కోట, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. పెళ్లికని దాచిన డబ్బు ఫీజుకు కట్టిన తల్లులు నాకు తెలుసు. అలా కట్టమని కూతురే పట్టుబట్టిన ఇళ్లూ ఉన్నాయి. రెండేళ్ల తర్వాత ఆ అమ్మాయి పరవాడలో ఇంటర్వ్యూకు వెళ్తే ఫెర్మెంటరు నుంచి నమూనా ఎలా తీస్తావని అడుగుతారు. వాల్వు తిప్పి సీసాలో పడతానంటుంది. నమూనా దారిని ముందు ఆవిరితో స్టెరిలైజ్ చేసి, చల్లారనిచ్చి, మొదట వచ్చినదాన్ని పారబోసి, ఆ తర్వాతి దాన్ని స్టెరైల్ సీసాలో పట్టాలని ఆమెకు ఎవరూ చూపించలేదు. అలా చేయకపోతే ట్యాంకు శుభ్రంగా ఉన్నా నమూనాలో క్రిములు కనిపించి, బ్యాచ్ పోయిందని అందరూ పరుగెత్తాల్సి వస్తుంది. ఆ ఒక్క జవాబుతో ఇంటర్వ్యూ ముగుస్తుంది. తర్వాత ఆమె మెడికల్ కోడింగ్ శిక్షణకు మళ్లీ ఫీజు కడుతుంది, లేదా బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొంటుంది, అదీ కుదరకపోతే కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ విభాగంలో చేరుతుంది. తెలివి తక్కువై కాదు, ఆవిరి వాల్వు ముట్టుకోకుండానే పట్టా చేతికి వచ్చినందుకు.

2. రికార్డు రాసే అలవాటు మీద. ఇది బయటివారికి చిన్న విషయంగా తోస్తుంది, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మన కళాశాలల్లో ప్రాక్టికల్ రికార్డు ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, పరీక్షకు ముందురోజు రాత్రి, విలువలు సరిగ్గా వచ్చేలా, కొట్టివేతలు లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఫెయిర్ చేస్తారు. దానికి మార్కులు పడతాయి. ప్లాంటులో అదే పని చేస్తే దాన్ని డేటా తారుమారు అంటారు. బ్యాచ్ రికార్డులో ఏ అంకె అయినా చూసినవాడే, చూసిన సమయంలోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పాత అంకె కనిపించేలా ఉంచి, పక్కన సంతకం, తేదీ, కారణం రాయాలి. వైట్‌నర్ వాడకూడదు, చిత్తుకాగితం ఉండకూడదు. ఈ విషయంలో దొరికిన లోపాలతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ భారతీయ ప్లాంట్ల సరుకును దిగుమతికి పనికిరాదన్న సందర్భాలు అనేకం. అలా ఒక ప్లాంటు ఆగితే కాంట్రాక్టు కార్మికులు, క్యాంటీను వాళ్లు, బస్సు డ్రైవర్లు ముందు రోడ్డున పడతారు. పదిహేనేళ్ల చదువులో కుదిరిన అలవాటును వారంరోజుల ఇండక్షన్ శిక్షణ మాన్పించలేదు. కొట్టివేతకు మార్కులు వేసే చదువు ఒక్కటైనా మనకు ఉండాలి.

3. ప్రాణాల మీద. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. పైన చెప్పిన బయో-ఈ3 విధానం ఢిల్లీలో ఆమోదం పొందింది అది జరిగిన మూడు రోజులకే. అంతకుముందు 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఏం చేసిందో విశాఖ మరచిపోలేదు. ఆ ఘటనల కారణాలు తేల్చడం విచారణ సంఘాల పని, వాటిని చదువుల లోపానికి అంటగట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది ఇంతే: ఫెర్మెంటేషన్ అంటే పెరుగు తోడుపెట్టినంత భద్రమైన పని అని విద్యార్థులకు ఒక భ్రమ ఉంది. ట్యాంకును 121 డిగ్రీల ఆవిరితో, పీడనం మీద స్టెరిలైజ్ చేస్తాం. కడగడానికి వేడి కాస్టిక్ సోడా వాడతాం. కణాల బ్యాంకును (తయారీకి మూలమైన కణాల నిల్వను) ద్రవ నైట్రోజన్‌లో దాస్తాం, గాలి ఆడని గదిలో అది కారితే మనిషి వాసన కూడా తెలియకుండా కుప్పకూలతాడు. జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులున్న వ్యర్థద్రవాన్ని కిల్ ట్యాంకులో చంపకుండా కాలువలోకి వదలకూడదు. ఈ పనులను మొదటిసారి జీతం మీద, రాత్రి షిఫ్టులో, ఒంటరిగా నేర్చుకోకూడదు.

4. రోగుల మీద. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. 1982 నుంచి ఇన్సులిన్ సూక్ష్మజీవుల ద్వారా తయారవుతోంది. విశాఖ కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి ఓపీ వరుసలో నిలబడేవారికి ఇన్సులిన్ గాని, క్యాన్సరుకు వాడే యాంటీబాడీ మందు గాని ఏ ధరకు దొరుకుతుందనేది దాన్ని ఎంతమంది, ఎంత తక్కువ నష్టంతో చేయగలరన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే మొదటి రీకాంబినెంట్ (జన్యుమార్పిడి పద్ధతిలో చేసిన) హెపటైటిస్-బి టీకాను తెచ్చినప్పుడు, దిగుమతి టీకా ధరతో పోలిస్తే చాలా తక్కువకే అది సామాన్యుడికి అందింది. ఆ తయారీ విద్య హైదరాబాదు పరిసరాల్లో పాతుకుంది, మన పిల్లలు అక్కడికే బస్సెక్కుతున్నారు.

5. భూములు వదులుకున్న ఊళ్ల మీద. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో సెజ్ కోసం పొలాలు ఇచ్చిన కుటుంబాలకు చెప్పిన మొదటి మాట ఉద్యోగాలు. వచ్చినవి ఎక్కువగా కాపలా, తోటపని, లోడింగ్. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని 2019లో శాసనసభ చేసిన చట్టంపై వాదోపవాదాలు ఎన్ని ఉన్నా, అందులో ఒక మంచి మాట ఉంది: అర్హులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో స్థానికులకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. శిక్షణ ఇచ్చే చోటే లేనప్పుడు అర్హులు లేరన్న సాకు శాశ్వతంగా నిలిచిపోతుంది.

ఈ పరిస్థితిని మార్చడానికి మా డిమాండ్లు ఇవి.

మొదటిది. విశాఖలో అందరికీ ఉమ్మడిగా ఒక బయోమాన్యుఫాక్చరింగ్ పైలట్ ప్లాంటు నెలకొల్పాలి. ప్రతి కళాశాలా విడిగా కొనలేదు, కొనాల్సిన అవసరమూ లేదు. 20 లీటర్ల నుంచి 200 లీటర్ల దాకా స్టీలు ఫెర్మెంటర్లు, కణాల పెంపకానికి ఒక వరుస, ఒక క్రొమటోగ్రఫీ గది, నింపే పనికి ఒక చిన్న శుభ్రగది, సొంత ఆవిరి, శుద్ధజలం, కిల్ ట్యాంకు ఉంటే చాలు. పెదగంట్యాడలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీదారులు కలిసి వాడుకునే ప్రయోగశాలలు కట్టి చూపించారు కదా. అదే పద్ధతిని ఇక్కడా పాటించవచ్చు. విద్యార్థులు వాడని వేళల్లో చిన్న సంస్థలకు అద్దెకిస్తే నిర్వహణ ఖర్చులో కొంత తిరిగి వస్తుంది. బయో-ఈ3 కింద కేంద్రాన్ని అడగడానికి ఇంతకన్నా తగిన ప్రతిపాదన ఏముంటుంది?

రెండవది. ఆ ప్లాంటు, లేదా దానితో రాతపూర్వక ఒప్పందం లేకుండా బయోమాన్యుఫాక్చరింగ్ పేరుతో ఏ సంస్థకూ పీజీ కోర్సు అనుమతి ఇవ్వకూడదు. ఇప్పటికే నడుస్తున్న కోర్సులను, ఉత్పత్తి రంగం నుంచి కనీసం ఇద్దరున్న బృందంతో ఉన్నత విద్యామండలి తనిఖీ చేయించి, ఆ నివేదికను ప్రజల ముందు పెట్టాలి. లోపాలున్న చోట చేరిన విద్యార్థులను బయటికి నెట్టకుండా, అదనపు ఫీజు లేకుండా మరోచోట ప్రాక్టికల్స్ పూర్తి చేయించాలి.

మూడవది, పరిశ్రమల యాజమాన్యాలకు. అనుభవం లేదని ఇంటర్వ్యూలో తిప్పిపంపేది మీరే, అనుభవానికి గేటు తెరవనిదీ మీరే. కంపెనీ రహస్యాలు, నాణ్యతా నిబంధనలు అడ్డమని మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది, ఆ గేటు లోపల పనిచేసినవాణ్ణే. అయినా నీటి వ్యవస్థ, శుభ్రగది పర్యవేక్షణ, క్యూసీ (నాణ్యతా పరీక్షల) మైక్రోబయాలజీ, యంత్రాల క్రమాంకనం, వ్యర్థజల శుద్ధి వంటి విభాగాల్లో ఆరు నెలల శిక్షణకు ఏ రహస్యమూ అడ్డురాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద పట్టభద్రులను తీసుకుంటే కనీస స్టైపెండులో సగం కేంద్రం తిరిగి చెల్లించే ఏర్పాటు ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 1993 నుంచే బయోటెక్ పారిశ్రామిక శిక్షణ కార్యక్రమాన్ని నడుపుతూ వచ్చింది. ప్రతి పెద్ద ప్లాంటు ఏటా ఎంతమందికి ఈ అవకాశం ఇస్తుందో ముందుగా ప్రకటించాలి. అమ్మాయిలకు రాత్రి షిఫ్టు శిక్షణ ఇస్తే రవాణా, భద్రత బాధ్యత కంపెనీదే కావాలి.

నాలుగవది. బోధకులు. ఎన్నడూ ఒక్క బ్యాచ్ నడపనివారు బ్యాచ్ నడపడం నేర్పలేరు. ఇది అధ్యాపకులను కించపరచడం కాదు, నన్ను జన్యుశాస్త్రం చెప్పమంటే నేనూ చెప్పలేను. యూజీసీ 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్నవారిని, పీహెచ్‌డీ లేకపోయినా, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా నియమించుకోవచ్చు. గాజువాక, స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్పు చుట్టుపక్కల విశ్రాంత ఉత్పత్తి, నాణ్యతా అధికారులకు కొరత లేదు. సాయంత్రం పార్కు బెంచీల మీద వృథా అవుతున్న అనుభవాన్ని వాడుకోండి.

ఐదవది. ఫీజు. 2020 డిసెంబరు నాటి జీవో 77 తర్వాత ప్రైవేటు కళాశాలల్లో పీజీలో చేరిన పేద విద్యార్థులు రీయింబర్స్‌మెంటు లేక ఎలా అవస్థపడ్డారో మీ కార్యాలయాల ముందు జరిగిన ధర్నాలే చెప్పాయి. ఈ కోర్సును ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెగ్యులర్ కోర్సుగానే ప్రారంభించాలి, సెల్ఫ్ ఫైనాన్స్ విభాగంలోకి నెట్టకూడదు. పీజీసెట్ ద్వారా, రిజర్వేషన్లు పాటిస్తూ, పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంటుతో ప్రవేశాలు ఉండాలి. పైలట్ ప్లాంటు నిర్వహణ ఖర్చును విద్యార్థి ఫీజులోంచి రాబట్టాలనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

ఆరవది. ప్రతి సంస్థా తన కోర్సు పూర్తి చేసినవారు ఏ విభాగంలో, ఎంత జీతానికి చేరారో ఏటా ప్రకటించాలి. ఆఫర్ లెటర్ల సంఖ్య మాకు అక్కర్లేదు, ఏడాది తర్వాత ఉద్యోగంలో ఉన్నవారి సంఖ్య కావాలి.

డబ్బు ఎక్కడిదని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నక్కపల్లి పార్కు వంటి బల్క్ డ్రగ్ పార్కులకు కేంద్రం ఒక్కోదానికి 1,000 కోట్ల వరకు సాయం ఒప్పుకుంది, అది ఉమ్మడి మౌలిక వసతుల కోసమే. రోడ్లు, నీరు, ఆవిరి ఎంత మౌలికమో, వాటిని నడిపే మనిషీ అంతే మౌలికం. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు బస్‌షెల్టర్లకు, వాటి మీది పేర్లకు ఖర్చవుతున్న తీరు చూస్తున్నాం, అందులో ఒక వాటా ఈ ప్లాంటుకు మళ్లించినా చాలావరకు సరిపోతుంది.

అంతమందికి ఉద్యోగాలు ఉన్నాయా అని మరో ప్రశ్న వస్తుంది. ఇవాళ్టికి లేవనే నా అంచనా కూడా. అందుకే ఏటా 30 సీట్లతో మొదలుపెట్టండి, వందలు వద్దు. సీట్లు పెంచడం ఆరవ డిమాండులోని లెక్కలు వచ్చాకే. కోర్సుకు గిరాకీ ఉంది కదా అని సీట్లు పెంచి, పదేళ్ల క్రితం ఇంజినీరింగ్ కళాశాలలను చేసినట్లే దీన్నీ చేస్తే, అసలు లేకపోవడమే నయం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో స్థాపితమైంది, నూరేళ్ల చరిత్ర ఉన్న సంస్థ. 1930లలోనే కెమికల్ టెక్నాలజీని, 1951లో ఫార్మసీని బోధనలోకి తెచ్చిన చోటు అది. అప్పటికి ఈ ప్రాంతంలో ఇన్ని ఫ్యాక్టరీలు లేవు, పెద్దలు ముందుచూపుతో చదువు పెట్టారు. ఇప్పుడు ఫ్యాక్టరీలు ఎదురుగా ఉన్నాయి. ఏటా జనవరి 12న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి చిత్రపటానికి దండ వేసేటప్పుడు, ఆయన నాయకత్వంలోని అమెరికా ఔషధ సంస్థ లెడర్లీ పరిశోధన విభాగం నుంచి వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఫెర్మెంటేషన్ ట్యాంకుల్లో తయారైన మందేనని వేదిక మీది పెద్దలు ఒక్కమాట చెబితే బాగుండును.

వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాల ప్రకటన వెలువడేలోగా, పై ఆరు డిమాండ్లలో దేనిని అంగీకరిస్తున్నారో, దేనిని ఎందుకు కాదంటున్నారో ఉన్నత విద్యామండలి రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. విశ్వవిద్యాలయాలు, పరిశ్రమల ప్రతినిధులు, విద్యార్థులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే సమావేశాన్ని విశాఖలోనే ఏర్పాటు చేయాలి, అమరావతి దాకా రాను పోను ఖర్చు విద్యార్థులు భరించలేరు. పైలట్ ప్లాంటు నమూనా, యంత్రాల జాబితా, మొదటి ఏడాది ప్రాక్టికల్స్ క్రమం నాతోటి విశ్రాంత ఉద్యోగులు కొందరు కలిసి ఇప్పటికే సిద్ధం చేశారు. పిలిస్తే పారితోషికం లేకుండా వచ్చి వివరిస్తాం.

ఈ లోపు విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. బయోమాన్యుఫాక్చరింగ్ కోర్సులో చేరే ముందు ఆ సంస్థకు స్వయంగా వెళ్లి, ఫెర్మెంటరు చూపించమనండి. నడిపి చూపించమనండి. గత బ్యాచ్ రికార్డు అడగండి. పరిశ్రమ శిక్షణకు సంతకాలైన ఒప్పందం ప్రతిని అడగండి. ఈ నాలుగూ చూపించలేకపోతే ఫీజు కట్టకండి.

ఈ లేఖ ప్రతులను విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల కలెక్టర్లకు, ఉత్తరాంధ్ర శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు పంపుతున్నాను.

భవదీయుడు,
ఫెర్మెంటేషన్ విభాగపు విశ్రాంత ఉత్పత్తి అధికారి ఒకరు,
విద్యార్థులు, తల్లిదండ్రుల తరఫున,
గాజువాక, విశాఖపట్నం.